సికింద్రాబాదు పారిశుద్ధ్య నిర్మాణాలు - సివిల్ ఇంజనీరింగులో సమ్మిళిత ధర్మం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కట్టడాల్లో వివక్ష మాటల్లో కంటే కొలతల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. సికింద్రాబాదు కంటోన్మెంటు కాలపు పారిశుద్ధ్య ఏర్పాట్ల నుంచి నేటి భూగర్భ మురుగుకాలువల వరకు సాగిన చరిత్రను ఆధారం చేసుకొని, సమ్మిళితత్వం సివిల్ ఇంజనీరు వృత్తిధర్మంలోనే ఉన్నదని, అది తరువాత చేర్చుకునే దయాగుణం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సికింద్రాబాదు, కంటోన్మెంటు, మెహతర్, సదాలక్ష్మి, మ్యాన్‌హోల్, వృత్తినీతి, సమ్మిళితత్వం.

1. ప్రవేశిక:

లోతైన మురుగుకాలువ మీది ఇనుప మూత ఎత్తి చూస్తే, లోపలి గోడకు అంచెలంచెలుగా బిగించిన ఇనుప మెట్లు కనిపిస్తాయి. అవి ఎవరో మేస్త్రీ తోచినట్లు పెట్టినవి కావు. నిర్మాణ ప్రమాణాలలో చెప్పినవి, నమూనాలో గీసినవి, అంచనా పత్రంలో ఖర్చు కట్టినవి. అంటే ఆ గోతిలోకి ఒక మనిషి దిగుతాడన్న నిర్ణయం కాలువ తవ్వకముందే జరిగిపోయింది. ఆ మనిషి ఎవరో నమూనా చెప్పదు. పనికి పిలిచే పద్ధతి చెబుతుంది. మన దేశంలో ఆ పిలుపు ఏయే వాడలకు వెళ్లిందో అందరికీ తెలిసినదే.

వైవిధ్యం, సమ్మిళితత్వం అన్న మాటలు ఈ అర్థంలో తెలుగులో ఇటీవల స్థిరపడినవి. వెలి, అంటు, మైల వంటి మాటలకు మన భాషలో కొరత లేదు. వాటికి ఎదురుగా నిలిపే మాటను మాత్రం కొత్తగా కూర్చుకోవలసి వచ్చింది. 'వెలివాడ' అన్న పదాన్నే చూడవచ్చు. సామాజిక శాస్త్రం దానిని కులవివక్షకు గుర్తుగా చదువుతుంది. నిజానికి అది పట్టణ ప్రణాళికకు సంబంధించిన పదం కూడా. ఇల్లు ఎక్కడ కట్టాలి, నీరు ఎటు పారాలి, దారి ఎంతవరకు వేయాలి అన్న మూడు నిర్మాణ నిర్ణయాల ఫలితమే వెలివాడ. ఈ కోణం నుంచి చూడడానికి సికింద్రాబాదు తగిన నగరం. ఊరు పెరిగి పట్నమైన తీరులో కాక, సైనిక విడిదిగా గీతలు గీసి మొదలుపెట్టిన నగరం అది.

2. లష్కర్: గీతకు లోపల, బయట:

1798లో నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి కుదిరిన సైన్య సహకార ఒప్పందంతో హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ సేనలు స్థిరపడ్డాయి. 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేరు మీద ఆ విడిదికి సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. జనం మాత్రం దానిని లష్కర్ అన్నారు. సైన్యం అని అర్థం వచ్చే ఆ మాట ఇప్పటికీ లష్కర్ బోనాలలో వినిపిస్తుంది. ఆ బోనాల పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ కూడా రోగంతో ముడిపడినదే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813 ప్రాంతంలో ఉజ్జయినిలో ఉండగా, ఇక్కడ కలరా వ్యాపించిందని విని మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగి వచ్చి 1815లో విగ్రహం నిలిపాడనీ చెబుతారు. నగరపు అతి పెద్ద పండుగ వెనుక రోగులను మోసే పనివాడు, మురికినీటి వల్ల వచ్చే వ్యాధి ఉండడం చరిత్రకారులు తేలిగ్గా దాటిపోదగిన విషయం కాదు.

కంటోన్మెంటు పటంలో దూరమే ప్రధాన సూత్రం. తెల్ల సైనికుల బ్యారకులు, అధికారుల బంగళాలు ఒకవైపు, దేశీ సిపాయిల గుడిసెలు మరొకవైపు, వీరందరికీ సరుకులు, సేవలు అందించే బజార్లు ఇంకొకవైపు ఉండేవి. బ్రిటిష్ ఇండియా కంటోన్మెంట్లలో సాధారణంగా కనిపించే అమరిక ఇదే. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అన్న పేర్లు ఆ విభజనకు నేటికీ సాక్ష్యం. 1857 తిరుగుబాటు తరువాత, 1860ల దశకంలో, తిరుమలగిరిలో కందకం తవ్వి కోట వంటి రక్షణస్థలం కట్టారు. ఆపద వస్తే ఎవరిని లోపలికి తీసుకోవాలో, ఎవరిని బయట ఉంచాలో ఆ కందకం ముందే తేల్చింది.

భారతదేశంలోని సైన్య ఆరోగ్యంపై 1859లో నియమితమైన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఈ దేశానికి ఎన్నడూ రాని ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇక్కడి సైనిక స్థావరాలు పంపిన సమాచారాన్ని విశ్లేషించి, యుద్ధం కంటే మురికి ఎక్కువ మందిని చంపుతున్నదని గట్టిగా వాదించింది. ఆ వాదన సత్యమే. దాని ఫలితంగా నీరు, గాలి, మురుగు సైనిక ఇంజనీర్ల పనిలో భాగమయ్యాయి. 1864 కంటోన్మెంటు చట్టం పారిశుద్ధ్యానికి చట్టబలం ఇచ్చింది. ఈ శ్రద్ధకు కేంద్రం సైనికుడి శరీరం. ఆ శరీరాన్ని శుభ్రంగా ఉంచే మనిషి శరీరం ఆ లెక్కలోకి రాలేదు.

3. పాయఖానా నమూనా, మెహతర్ శ్రమ:

19వ శతాబ్ది రెండవ భాగంలో మలమూత్రాల తొలగింపునకు ఇంజనీర్ల ముందు రెండు మార్గాలు ఉండేవి. ఒకటి నీటితో కొట్టుకుపోయే భూగర్భ కాలువ. రెండవది ఎండుమట్టి పద్ధతి. ఇంగ్లాండులో హెన్రీ మౌల్ అనే మతాచార్యుడు ప్రచారంలోకి తెచ్చిన ఈ రెండవ పద్ధతిలో మలంపై పొడిమట్టి చల్లి, నిండిన పాత్రను తీసుకుపోయి దూరంగా పూడుస్తారు. భారతదేశంలోని జైళ్లకు, కంటోన్మెంట్లకు ఈ పద్ధతినే విస్తృతంగా సిఫారసు చేశారు. నీరు తక్కువ, కాలువల ఖర్చు ఎక్కువ, మట్టి చవక అన్నవి కాగితం మీద కనిపించే కారణాలు.

కాగితం మీద కనిపించని కారణం మరొకటి ఉంది. పాత్రను రోజూ ఎత్తి మోయడానికి మనిషి కావాలి. ఇంగ్లాండులో ఆ మనిషికి కూలి ఇవ్వాలి, అతడు పని మానుకుంటే మరొకరిని వెతకాలి. ఇక్కడ కులవ్యవస్థ ఆ మనిషిని తరతరాలుగా కట్టిపడేసి సిద్ధంగా ఉంచింది. కాబట్టి ఎండుమట్టి పద్ధతి చవక అన్న లెక్కలో కులం ఒక ముడిసరుకు. ఇంజనీరు కులాన్ని సృష్టించలేదు, నిజమే. కానీ కులం లేకపోతే నడవని యంత్రాన్ని రూపొందించి, దానికి పారిశుద్ధ్యమని పేరు పెట్టాడు. పాయఖానా వెనుక గోడలో పాత్ర బయటకు తీయడానికి విడిచిన చిన్న తలుపును గమనించినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు. వాడేవారికి ముందు ద్వారం, తీసేవారికి వెనుక ద్వారం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండే ఏర్పాటు అది.

ఆ పని చేసేవారిని కోస్తా ఆంధ్రలో పాకీవారు అన్నారు, హైదరాబాదు ప్రాంతంలో మెహతర్ అన్నారు. పారశీకంలో మెహతర్ అంటే గొప్పవాడు, పెద్ద అని అర్థం. అంటరాని పనికి అంత గౌరవప్రదమైన పేరు ఎలా అతుక్కుందో భాషాశాస్త్రజ్ఞులు వివరించగలరు. ఆ పేరు గౌరవాన్ని వెంట తీసుకురాలేదన్నది మాత్రం స్పష్టం.

ఈ చరిత్రను లోపలి నుంచి చెప్పగలిగిన స్వరం సికింద్రాబాదు నుంచే వచ్చింది. టి.ఎన్. సదాలక్ష్మి 1928లో సికింద్రాబాదు ప్రాంతంలోని పెన్షన్‌పురాలో, మెహతర్ సమాజానికి చెందిన కుటుంబంలో జన్మించింది. పెన్షన్‌పురా అన్న పేరే కంటోన్మెంటు నీడలో పుట్టిన వాడను సూచిస్తుంది. కీస్ బాలికల పాఠశాలలో చదివి, 1957లో పెద్దపల్లి నుంచి శాసనసభకు ఎన్నికై, దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో దేవాదాయ శాఖ నిర్వహించింది. తరువాతి కాలంలో మాదిగల రిజర్వేషన్ వర్గీకరణ ఉద్యమానికి అండగా నిలిచింది. గోగు శ్యామల రచించిన 'నేనే బలాన్ని' (2011) ఆమె జీవితకథ. తెలుగు పరిశోధకులు ఆ గ్రంథాన్ని దళిత స్త్రీ జీవిత చరిత్రగా, రాజకీయ చరిత్రగా చదివారు. దానిని నగర చరిత్రగా కూడా చదవవలసి ఉంది. కంటోన్మెంటు దస్తావేజులలో ఖర్చు పద్దుగా మాత్రమే కనిపించే మనుషులకు ఇళ్లు, బడులు, పట్టుదలలు, కోపాలు ఉన్నాయని తెలిసేది అటువంటి పుస్తకాల ద్వారానే. ఆలయంలో అడుగుపెట్టనివ్వని సమాజం నుంచి వచ్చిన స్త్రీ ఆలయాల శాఖకు మంత్రి కావడాన్ని అందరూ విశేషంగా చెబుతారు. ఆ స్త్రీ పుట్టిన సమాజం చేతుల మీదుగానే సైన్యపు ఆరోగ్యం నిలిచిందన్న సంగతి అంతగా చెప్పరు.

ఇదే కాలంలో చిలకలగూడకు చెందిన జె. ఈశ్వరీబాయి (1918-1991) 1950ల తొలినాళ్లలో కౌన్సిలరుగా ప్రజాజీవితంలోకి వచ్చి, 1967లోను 1972లోను ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు ఎన్నికైంది. ఇద్దరూ సికింద్రాబాదువారే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. రైల్వే, సైన్యం, మిషనరీ బడులు కలిసిన ఈ నగరం వెలివాడలను పక్కన పెట్టింది, అదే సమయంలో వాటికి చదువు, కూలి, సంఘం అన్న మూడు కిటికీలను కూడా తెరిచింది.

4. పట్టాల కింద:

1874లో వాడి నుంచి వచ్చిన రైలుమార్గంతో సికింద్రాబాదు స్టేషను మొదలైంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, ఈ నగరమే దాని కేంద్రమైంది. కంటోన్మెంటు పాయఖానాలోని వెనుక తలుపు ఇక్కడ మరో రూపంలో కొనసాగింది. బోగీ మరుగుదొడ్డి నేరుగా పట్టాల మీదికి తెరుచుకొని ఉండేది. పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫారం పక్కన పట్టాల కింద కంకరకు బదులు కాంక్రీటు పరుపు వేసి, పక్కన కాలువ కట్టే పద్ధతి వచ్చింది. నీటితో కడగడానికి వీలుగా చేసిన ఈ పరుపు పూర్తిగా సివిల్ ఇంజనీరింగు పని. పట్టాల మీద మలం పడుతుందని తెలిసి, పడకుండా చేయడానికి ముందు, పడినదాన్ని కడగడానికి అనువైన నేలను రూపొందించారు. కడిగే మనిషి ఉంటాడన్నది ఇక్కడా చర్చ లేకుండానే ఒప్పుకున్న విషయం.

కోలారు బంగారు గనుల కంపెనీ పట్టణంలోను ఇదే కథ. అక్కడ ఎత్తుడు పాయఖానాలలో పనిచేసిన కుటుంబం నుంచి వచ్చిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండతో సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించాడు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న వచ్చిన తీర్పు, 1993 నుంచి మురుగుకాలువల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని, పట్టాల మీద మలం ఎత్తే పనిని అంతం చేయడానికి రైల్వేలు కాలపరిమితితో కూడిన ప్రణాళిక చేపట్టాలని ఆదేశించింది. బోగీల కింద జీవ మరుగుదొడ్ల తొట్టెలు అమర్చడంతో పట్టాల మీద మలం పడడం చాలావరకు ఆగింది. రక్షణ పరిశోధన సంస్థ, రైల్వేలు కలిసి రూపొందించిన ఈ తొట్టెలో సూక్ష్మజీవులు మలాన్ని జీర్ణం చేస్తాయి. శతాబ్దానికి పైగా మనిషి చేసిన పనిని ఒక తొట్టె చేయగలిగినప్పుడు, ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచింది విజ్ఞానం కొరత మాత్రమేనా అన్న ప్రశ్న మిగులుతుంది.

5. గీసే చేతులు, మోసే చేతులు:

నమూనా గీసే బల్ల ముందు ఎవరు కూర్చున్నారన్నది ఈ చరిత్రలో మరొక పార్శ్వం. తెలుగువారికి అందుబాటులో ఉన్న పాత ఇంజనీరింగు విద్యాలయం మద్రాసులోని గిండి కళాశాల. 1794 నాటి సర్వే పాఠశాల దాని మూలం. అక్కడ స్త్రీలు చేరడానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1919లో తెలుగు కుటుంబంలో పుట్టి, 18 ఏళ్లకే వితంతువై, పసిబిడ్డ తల్లిగా ఉన్న అయ్యలసోమయాజుల లలిత 1940లో విద్యుత్ ఇంజనీరింగులో చేరింది. తండ్రి పప్పు సుబ్బారావు అదే కళాశాలలో ఆచార్యుడు. ఆమెతోపాటు సివిల్ ఇంజనీరింగులో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి చదివారు. పట్టా పత్రంలో పురుషవాచక సర్వనామమే ముద్రించి ఉండడంతో, దానిని కొట్టివేసి స్త్రీవాచకం రాయవలసి వచ్చింది. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయింది.

హైదరాబాదు రాజ్యంలో అడ్డు మరొక రకమైనది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పింది. 1929లో ఇంజనీరింగు కళాశాల మొదలైంది. ఇంగ్లీషుకు బదులు దేశభాషలో ఇంజనీరింగు బోధించిన ఆ ప్రయత్నం ఘనమైనదే. రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు కావడం వల్ల, ఉర్దూ బడి అందని ఇంటికి ఆ ద్వారం మూసినట్లే అయింది. ఒకే చర్య ఒకరికి తెరుపు, మరొకరికి మూత కావడం మన విద్యాచరిత్రలో తరచు కనిపించే విశేషం.

మోసే చేతుల చరిత్రలో చదువు ప్రశ్నే లేదు. చెరువుకట్టలు వేసిన వడ్డెరలు, రాయి కొట్టినవారు, పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశంలోని ఆనకట్టలన్నింటికీ వలస వెళ్లిన కూలీలు కొలతలు తెలియనివారు కారు. వారికి మట్టం, గుండు, తాపీ అన్నీ తెలుసు. తెలుగులో వృత్తిపదకోశాలు కూర్చిన పండితులు గృహనిర్మాణ పదాలను ఇటువంటి పనివారి నోటి నుంచే సేకరించారు. వారి మాటలు నిఘంటువులోకి వచ్చాయి, వారు మాత్రం ఇంజనీరింగు పాఠ్యగ్రంథంలోకి రాలేదు. స్త్రీల విషయం మరింత స్పష్టం. సికింద్రాబాదులో ఏ కట్టడం దగ్గర చూసినా ఇసుక, ఇటుక మోసేది స్త్రీలు, తాపీ పట్టేది పురుషులు. కూలిలో తేడా అక్కడే పుడుతుంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పసిపిల్లలకు గది ఉండాలని చెప్పింది. తాపీ ఎవరి చేతికి ఇవ్వాలో ఏ చట్టమూ చెప్పలేదు.

6. నీతినియమావళి ఆలస్యం:

వృత్తిసంఘాల నీతిసూత్రాలలో ఈ ప్రశ్న ఎప్పుడు చేరింది? 1852లో ఏర్పడిన అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం 1914లో తొలి నియమావళిని ఆమోదించింది. అందులో కక్షిదారుల పట్ల, తోటి ఇంజనీర్ల పట్ల మర్యాద ఉంది. ప్రజాక్షేమానికి ప్రథమస్థానం 1970లలో గాని రాలేదు. అందరినీ న్యాయంగా, వివక్ష లేకుండా చూడాలన్న ప్రత్యేక సూత్రం 2017లో చేరింది. అదే సంఘం 1916లో నోరా స్టాంటన్ బ్లాచ్ అనే స్త్రీకి ఉన్నత సభ్యత్వం నిరాకరించింది. కోర్టులో ఆమె ఓడిపోయింది. ఆమె మరణానంతరం, 2015లో, సంఘం ఆమెకు ఫెలో హోదా ఇచ్చింది.

మన దేశంలో ఈ సూత్రం వృత్తిసంఘం కంటే ముందు రాజ్యాంగంలో కనిపిస్తుంది. 15వ అధికరణం రెండవ ఖండంలో వివక్ష చూపరాని స్థలాలుగా బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు పేర్కొన్నారు. ఇవన్నీ సివిల్ ఇంజనీరింగు కట్టడాలే. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథను ఈ అధికరణం పక్కన పెట్టి బోధిస్తే, విద్యార్థులకు రాజ్యాంగం, కథ రెండూ ఇంకొంచెం దగ్గరవుతాయి.

వికలాంగుల విషయంలో నగరానికి మరొక బంధం ఉంది. మానసిక వైకల్యం గలవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజాభవనాలన్నీ అందరికీ అందుబాటులో ఉండాలన్నది. కానీ దాని కింద 2017లో చేసిన నియమావళి, ప్రమాణాలను ఆచరణలో సలహాల స్థాయికి దించింది. సుప్రీంకోర్టు కోరిక మేరకు హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో న్యాయస్థానం ఆ నియమాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ర్యాంపు వాలు ఎంత, తలుపు వెడల్పు ఎంత అన్న అంకెలు ఇంజనీరు ఇష్టానికి వదిలేసినంతకాలం అవి అంచనా పత్రంలో మొదట కోతపడే పద్దులు. ధర్మం అన్న మాటకు ఇక్కడ అర్థం, కోత వేయడానికి వీలులేని పద్దు.

7. మ్యాన్‌హోల్ నుంచి మెషీన్‌హోల్ దాకా:

2013 చట్టం రక్షణ సాధనాలు లేకుండా మురుగుకాలువలో మనిషిని దింపడాన్ని నేరం చేసింది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెటు ప్రసంగం మ్యాన్‌హోల్ పద్ధతి నుంచి మెషీన్‌హోల్ పద్ధతికి మారాలని చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరు 20న సుప్రీంకోర్టు మరణ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెంచవలసి రావడమే మరణాలు ఆగలేదనడానికి గుర్తు.

చట్టం నిషేధించినా మనుషులు ఎందుకు దిగుతున్నారు? యజమానుల నిర్లక్ష్యం ఒక కారణం. రెండవ కారణం రేఖాచిత్రంలో ఉంది. మురుగు తొలగించే పెద్ద యంత్రవాహనాలు విశాలమైన రోడ్లను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. చిలకలగూడ, సీతాఫల్‌మండి, రెజిమెంటల్ బజార్ వంటి పాత వాడల సందులలోకి అవి పోలేవు. యంత్రం ఆగిన చోట మనిషికి కబురు వెళ్లేది. ఈ సమస్యను గుర్తించి హైదరాబాదు జలమండలి 2017లో సందులలో తిరగగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం సహకారంతో, ఈ పనిలో ఉన్నవారే వాహన యజమానులయ్యే ఏర్పాటు చేశారు. రెండేళ్ల తరువాత ఢిల్లీ ఈ నమూనాను స్వీకరించి 200 యంత్రాలతో మొదలుపెట్టింది.

ఆ యంత్రంలో కొత్త విజ్ఞానం ఏమీ లేదు. నీటి ఒత్తిడి, గొట్టం, చిన్న లారీ చట్రం మాత్రమే ఉన్నాయి. మారింది కొలత. వాహనం వెడల్పును నిర్ణయించేటప్పుడు ప్రధాన రహదారికి బదులు వాడ సందును ప్రమాణంగా తీసుకున్నారు. 1860లలో తిరుమలగిరి చుట్టూ కందకం గీసినప్పుడు, ఎండుమట్టి పాయఖానాకు వెనుక తలుపు గీసినప్పుడు, లోతైన గోతి గోడకు ఇనుప మెట్లు గీసినప్పుడు ఆ సందులోని మనిషి కొలతకు రాలేదు. చిలకలగూడ సందులో గొట్టం దించి నిలబడిన ఆ చిన్న లారీ తలుపు మీద ఇప్పుడు యజమానిగా ఉన్నది, ఒకప్పుడు ఆ గోతిలోకి దిగిన వృత్తికి చెందిన కుటుంబం పేరు.